పాత కారులో కిచకిచ

పాత కారులో కిచకిచ ఎక్కడిదో కనిపెట్టాలంటే పనిముట్ల కన్నా ముందు తేలాల్సింది, ఆ శబ్దం దేన్ని బట్టి మారుతోందన్నది. బండి నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ కాస్త నొక్కితే శబ్దం కూడా వేగం పుంజుకుందా, లోపం ఇంజిన్ వైపే. బండి కదిలితేనే వినిపిస్తుంటే చక్రాల వైపు వెతకాలి.

ఇంజిన్ వైపు మొదటి అనుమానం ఆల్టర్నేటర్‌ను తిప్పే రబ్బరు బెల్టు మీదే. తిరుగుతున్న బెల్టు లోపలి వైపు దూరం నుంచి కొద్దిగా నీళ్లు చల్లాలి. శబ్దం క్షణం ఆగి మళ్లీ మొదలైతే పుల్లీలు ఒకే వరుసలో లేవని సూచన. పెరిగితే బెల్టు బిగువు తగ్గి జారుతున్నట్టు. ఈ పరీక్షలో చున్నీ, చొక్కా చేతులు, వేళ్లు బెల్టు దరిదాపుల్లోకి రాకూడదు. నీళ్లకు ఏ మార్పూ లేకపోతే బేరింగులను చూడాలి: ఇంజిన్ ఆపి, బెల్టు తీసి, పుల్లీలను చేత్తో తిప్పితే గరగర, ఊగులాట తెలిసిపోతాయి. బెల్టుకు గ్రీజు పూసి శబ్దం మాన్పించాలనుకోవడం మాత్రం తెలివితక్కువ పని. జిడ్డు తగిలితే రబ్బరు పాడై ఇంకా జారుతుంది.

చక్రాల వైపైతే ముందు బ్రేకులు. చాలా కార్లలో ప్యాడ్ అరిగినప్పుడు డిస్కును గీరేలా చిన్న లోహపు రేకు ఉంటుంది. ఆ కీచుమనడం హెచ్చరికే. అంబాసిడర్, పాత జీపుల్లాంటి వెనుక చక్రాలకు ఇంజిన్ శక్తి అందే బండ్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలోని యూనివర్సల్ జాయింట్లు గ్రీజు ఎండిపోయి పిట్టల్లా అరుస్తాయి. నెమ్మదిగా నడిపేటప్పుడు ఈ అరుపు బాగా వినిపిస్తుంది. పట్టించుకోకపోతే జాయింటు విరిగి షాఫ్టే ఊడిపడవచ్చు.