ఎగబాకే మెట్లు, దిగజారే మెట్లు: మహిళల జట్టు టెన్నిస్‌లో ప్లేఆఫ్స్

మహిళల టెన్నిస్‌లో దేశాల జట్లు తలపడే ప్రధాన పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్. 1963లో లండన్‌లో పదహారు దేశాలతో ఫెడరేషన్ కప్ పేరిట మొదలై, 1995 నుంచి ఫెడ్ కప్‌గా పిలవబడి, 2020లో అమెరికా క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ పేరు పెట్టుకున్న ఈ పోటీలో నేడు వందకు పైగా దేశాలు పాల్గొంటున్నాయి. ఇన్ని జట్లను ఒకేచోట ఆడించడం సాధ్యం కాదు గనుక వాటిని బలాబలాలను బట్టి అంచెలుగా విభజించి, ఏటా ఫలితాలను అనుసరించి కొన్నింటిని పై అంచెకు పంపుతారు, మరికొన్నింటిని కిందికి దించుతారు.

చిలకలూరిపేట ప్రాంతంలో అందరికీ తెలిసిన ఎడ్ల బండలాగుడు పోటీల్లోనూ రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలుంటాయి. అయితే అక్కడ వయసుతో పై విభాగానికి చేరిన గిత్త మళ్లీ కిందికి రాదు. టెన్నిస్‌లో మాత్రం నిరుడు గెలుచుకున్న స్థానాన్ని ఈ ఏడు పోగొట్టుకోవచ్చు. ఈ రాకపోకలను తేల్చే మ్యాచ్‌లనే ప్లేఆఫ్స్ అంటారు. 1995 తర్వాత చాలా ఏళ్లపాటు, ఎనిమిది దేశాల వరల్డ్ గ్రూప్‌లో తొలి రౌండు ఓడిన నాలుగు జట్లు, దాని దిగువన ఉన్న రెండో వరల్డ్ గ్రూప్‌లో నెగ్గిన నాలుగు జట్లతో తలపడేవి. గెలిచినవాటికి పై గ్రూపులో చోటు దక్కేది. ఈ రెండింటికీ దిగువన, ఆసియా–ఓషియానియా వంటి ప్రాంతీయ విభాగాలు మళ్లీ గ్రూపులుగా ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి.

రెండు దేశాల మధ్య జరిగే పోరును ‘టై’ అంటారు. ప్రాంతీయ దశలో ఒక టైలో రెండు సింగిల్స్, ఒక డబుల్స్ ఉంటాయి. డబుల్స్ చివర జరుగుతుంది గనుక రెండు సింగిల్స్‌నూ పోగొట్టుకున్న జట్టు, ఎంత గొప్ప డబుల్స్ జోడీ ఉన్నా, అప్పటికే ఓడిపోయినట్లే. ఈ లెక్క తారల కంటే జట్టు లోతునే కొలుస్తుందనడానికి హైదరాబాదు సానియా మీర్జా కథే నిదర్శనం. 2015 ఏప్రిల్‌లో ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయిన వెంటనే బరిలో దిగినది ఆసియా–ఓషియానియా రెండో గ్రూపులో. అప్పటికి భారత్ స్థానం అంతే. హైదరాబాదులోనే జరిగిన ఆ పోటీలో ఫిలిప్పీన్స్‌పై ప్లేఆఫ్ నెగ్గి భారత్ మొదటి గ్రూపుకు తిరిగి చేరింది.

ఆ మొదటి గ్రూపును దాటడానికి మరో అయిదేళ్లు పట్టింది. 2020 మార్చిలో దుబాయ్‌లో చైనా తర్వాతి స్థానంలో నిలిచిన భారత్, అంకితా రైనా సింగిల్స్ బలంతో, సానియా పునరాగమనంతో తొలిసారిగా ప్రపంచ స్థాయి ప్లేఆఫ్స్‌కు అర్హత పొందింది. కరోనా వల్ల ఏడాది ఆలస్యమై 2021 ఏప్రిల్‌లో లాత్వియాలో జరిగిన ఆ టైలో నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్ ఉండడంతో సింగిల్స్ భారం మరింత పెరిగింది. 2017 ఫ్రెంచ్ ఓపెన్ విజేత యెలెనా ఒస్టపెంకో ఉన్న ఆతిథ్య జట్టు 3–1తో నెగ్గింది.

2025 ఏప్రిల్‌లో పుణెలో జరిగిన ఆసియా–ఓషియానియా మొదటి గ్రూపు పోటీలో రెండోసారి ప్లేఆఫ్స్ అవకాశం దక్కినపుడు జట్టును నడిపించింది సింగిల్సే. హైదరాబాదుకు చెందిన శ్రీవల్లి రష్మిక భమిడిపాటి ఆడిన అయిదు సింగిల్స్‌లోనూ గెలవగా, భారత్ న్యూజీలాండ్ వెనుక రెండో స్థానం సాధించింది. మరో తెలుగు క్రీడాకారిణి సహజ యమలపల్లి కూడా ఆ జట్టులో ఉంది. నవంబరులో జరిగిన ప్లేఆఫ్స్‌లో ఇరవై ఒక్క దేశాలను మూడేసి జట్ల ఏడు గ్రూపులుగా విభజించి, ఒక్కో గ్రూపు విజేతకే మరుసటి ఏటి క్వాలిఫయర్స్‌లో, అంటే ఫైనల్స్‌కు ముందరి దశలో, చోటిచ్చారు. బెంగళూరులో ఆడిన భారత్, స్లొవేనియా, నెదర్లాండ్స్ గ్రూపులో ఆ చోటు స్లొవేనియాకు దక్కగా, భారత్ మళ్లీ ప్రాంతీయ గ్రూపుకు చేరింది.

మూడింట రెండు వంతుల జట్లను వెనక్కి పంపే ఈ ఏర్పాటు కఠినమైనదే గాని అన్యాయమైనది కాదు. సానియా కాలంలో బలమైన డబుల్స్ ఉండి సింగిల్స్ వెనుకబడిన భారత్‌కు, ఇప్పుడు సింగిల్స్‌లో ఒకరు నిలదొక్కుకున్నారు. ఆమెకు సమ ఉజ్జీగా రెండో సింగిల్స్ క్రీడాకారిణి ఎదిగినప్పుడే క్వాలిఫయర్స్ చేరువవుతాయి.