వా-వా పెడల్ బండల మీద ఎందుకు జారుతుంది?

గిటారు వాయిస్తూ పాదంతో తొక్కితే, మనిషి 'ఊ' అంటూ 'ఆ'కి నోరు తెరిచినట్టు స్వరం మారుతుంది. అదే వా-వా పెడల్. 1966లో అమెరికాలోని థామస్ ఆర్గన్ కంపెనీలో బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజినీరు దీన్ని రూపొందించాడు.

ఎలా పనిచేస్తుంది? పాదం కదిలితే లోపలి పళ్ల పట్టీ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం పొటెన్షియోమీటర్‌ను (తిప్పితే విద్యుత్ నిరోధం మారే భాగాన్ని) తిప్పుతుంది. దాంతో కొన్ని వందల హెర్ట్జ్‌ల నుంచి సుమారు 2,000 హెర్ట్జ్‌ల దాకా ఏ భాగం ఎక్కువగా వినిపించాలో మారుతుంది. మడమ నొక్కితే మందంగా, వేళ్లు నొక్కితే పదునుగా మోగుతుంది.

మిగతా చాలా పెడల్స్‌ను ఒక్కసారి నొక్కి వదిలేస్తాం. దీన్ని మాత్రం ముందుకూ వెనక్కూ ఊపుతూనే ఉండాలి. ఆ ఊపులో కొంత బలం పెడల్‌ను ముందుకు నెడుతుంది. వికారాబాద్, తాండూరు ఇళ్లలో పాలిష్ పట్టిన నాపరాతి బండలంటే ఎంత అందమో! కానీ నున్నని రాయి మీద, అందులోనూ సన్నని దుమ్ముంటే, ఘర్షణ తగ్గి పెడల్ జారిపోతుంది. కింద రబ్బరు మ్యాట్ వేయండి. లేదా బరువైన చెక్కపలకకు వెల్‌క్రోతో అతికించండి.

ఆ దుమ్మే పొటెన్షియోమీటర్‌లో చేరితే చరచర శబ్దం వస్తుంది. వాయించనప్పుడు గుడ్డ కప్పండి. చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్ తీగ పెట్టి ఉంచినంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, కాబట్టి వాయించడం అయ్యాక ఆ తీగను ఊడదీయండి. అడాప్టర్ కొనేముందు పెడల్ మీద ముద్రించిన ధ్రువాల గుర్తు చూడండి. తారుమారైతే సర్క్యూట్ కాలిపోవచ్చు.

ఖరీదైన కొత్త పెడల్ కోసం డబ్బు కూడబెట్టేముందు, ఉన్నదాని కింద ఒక రబ్బరు మ్యాట్ వేసి వాయించి చూడండి.