సముద్రము దాఁటిన పందికొక్కు



పందికొక్కును గూర్చి మీకు నేను చెప్పఁబని లేదు. పొలముగట్లను, గాదెల అడుగులను దొలిచి, వరికంకులను కొఱికి తన బొరియలోఁ గూడఁబెట్టుకొను ఆ జంతువు రైతునకుఁ బుట్టుపగ. నేఁడు నేను చెప్పఁబూనినది దాని పేరు చేసిన దూరప్రయాణమును గూర్చి.

ఆంగ్లభాషయందు బాండికూట్ అను మాట కలదు. అది మన పందికొక్కే. మన సీమకు వచ్చిన ఆంగ్లేయుల నోట మొదటి పకారము బకారమైనది. కడపటి ఉకారము రాలిపోయినది. యూల్, బర్నెల్ అనువారు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ అను నిఘంటువు 1886లో వెలువడినది. అందు దీనిని తెలుఁగుమాటగానే పేర్కొని, ‘పంది ఎలుక’ యని అర్థము చెప్పిరి. తఱిమినప్పుడు ఇది పందివలె గుఱ్ఱుమనుట మీరు వినియే యుందురు. ప్రాణిశాస్త్రజ్ఞులు సైతము దీని ప్రజాతికి బాండికోటా యని పేరిడిరి.

ఇంతవఱకు బాగుగనే యున్నది. 1788లో ఆంగ్లేయులు ఆస్ట్రేలియాలో సిడ్నీయొద్ద వలస నెలకొల్పిరి. అచ్చట కోలమూతితో నేలను త్రవ్వుచుండు చిన్నజంతువులు కొన్ని వారి కంటఁబడెను. చూపునకు పోలికయున్నదని వానిని గూడ బాండికూట్ లనిరి. నిజమునకు అవి ఎలుకలే కావు. కంగారువలె పిల్లలను పొట్టసంచిలో మోయునవి. ఆ సంచినోరు వెనుకకుండును గనుక త్రవ్వునపుడు మన్ను లోపలఁ బడదు. పురుగులు, దుంపలు వాని ఆహారము. గాదెలు కొల్లగొట్టిన పాపము వానిది కాదు. అయినను మన దొంగ పేరు వానికంటినది.

అంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియావారు ఆ నామమును క్రియగాఁ గూడ వాడిరి. పరుని చేనిలో బంగాళాదుంప మొక్కను పెఱుకక, పైనాకు పచ్చగా నిలిచియుండఁగనే క్రిందిమన్ను తోడి దుంపలను దొంగిలించుటకు ‘బాండికూట్ చేయుట’ యని పేరు. చేనుగలవాఁడు గట్టుమీఁద నిలిచి పైరు చూచి సంతోషించుచునే యుండును! ఇంతపనిని ఒక్కమాటలోఁ జెప్పు క్రియ మన భాషలో నాకుఁ దట్టుట లేదు. మాట మనదే, ప్రయోగము వారిది.

ఆ జంతువులలో ఒకదాని ముందుకాళ్లకు రెండేసి వ్రేళ్లే పనిచేయును. అవి పందిగిట్టలవలె నుండును. అందుచే దానికి ‘పందికాళ్ల బాండికూట్’ అని పేరిడిరి. ఆ పేరిలో పంది రెండుమాఱులు వచ్చినదని తెలుఁగువానికిఁగాని తెలియదు. శాస్త్రజ్ఞులకు లభించిన దాని కడపటి నమూనా 1901 నాఁటిది. ఇప్పుడా జాతి లేదు. పేరు మాత్రము గ్రంథములలోఁ గలదు.