ఒకే ఫోటోకు రెండు ఫైళ్లు: ఏది ఉంచాలి, ఏది తీయాలి?

మేం చేసిన ఒక పొరపాటు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరక ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే బరంపురంలోని పాత తెలుగు ఇళ్లలో ఆనాటి కాగితాలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిని ఫోటోలు తీసి దాచాలని మా సంఘం పూనుకుంది. ఒక మామ్మగారు ట్రంకు పెట్టె తెరిచి, తాతగారి పొలం దస్తావేజు మా ముందు పరిచారు. ఫోటో తీసుకుని వచ్చేశాం.

కంప్యూటరులో చూస్తే ప్రతి ఫోటోకూ రెండు ఫైళ్లు ఉన్నాయి. ఒకటి చిన్నది, ఒకటి బాగా పెద్దది. చోటు చాలడం లేదని, రెండూ ఒకటేగదా అనుకుని పెద్దవన్నీ తీసేశాం. తరువాత చూస్తే ఫ్లాష్ వెలుగుకు దస్తావేజు నడిమి భాగం తెల్లగా వెలిసిపోయింది, సిరా ఆనడం లేదు. మళ్లీ తీద్దామని వెళ్లేసరికి వానలకు ఇల్లు కురిసి కాగితం ముద్దయిపోయింది. మామ్మగారు ఒక్క మాట కూడా అనలేదు. మాకు మాత్రం ఆ బాధ తీరలేదు.

మేం తీసేసిన పెద్ద ఫైలు పేరు 'రా' ఫైలు. పాత రోజుల్లో నెగెటివు లాంటిది. కెమెరా సెన్సరు పట్టిన వివరమంతా అందులో ఉంటుంది. చిన్నది జేపెగ్, అంటే ప్రింటు లాంటిది. కెమెరా తనకు తోచినట్టు వెలుగు, రంగులు సర్ది, కొంత వివరం వదిలేసి కుదించి ఇస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. వెలిసిన చోట అక్షరాలను వెనక్కి తెచ్చే అవకాశం అందుకే రా ఫైలులో ఎక్కువ.

ఈ రెంటినీ జంటగా గుర్తించేది పేరు. ముందు భాగం ఒకటే, తోక వేరు. నికాన్‌లో రా ఫైలు తోక ఎన్ఈఎఫ్, కెనాన్ కొత్త కెమెరాల్లో సీఆర్3, సోనీలో ఏఆర్‌డబ్ల్యూ. ఒకదాని పేరు మార్చి రెండోది మార్చకపోతే జంట విడిపోయినట్టే.

సాఫ్ట్‌వేర్లు ఈ జంటను తలా ఒక రకంగా చూస్తాయి. లైట్‌రూమ్ క్లాసిక్ మామూలుగా రెంటినీ ఒకే ఫోటోగా చూపిస్తుంది, జేపెగ్ విడిగా కనిపించదు. విడిగా కావాలంటే ప్రిఫరెన్సెస్‌లో 'ట్రీట్ జేపెగ్ ఫైల్స్ నెక్స్ట్ టు రా ఫైల్స్ యాజ్ సెపరేట్ ఫోటోస్' అన్నచోట టిక్కు పెట్టాలి. అంతకు ముందు ఎక్కించినవి వాటంతట అవి విడిపోవు, ఆ ఫోల్డరును సింక్రనైజ్ చేయాలి.

డబ్బు కట్టనక్కరలేనివి డిజికామ్, డార్క్‌టేబుల్. డార్క్‌టేబుల్ ఒకే ఫోల్డరులో ఒకే పేరున్న ఫైళ్లను తానే గుంపు చేస్తుంది. డిజికామ్‌లో ఫోటోలు ఎంచుకుని 'గ్రూప్ సెలెక్టెడ్ బై ఫైల్‌నేమ్' నొక్కాలి. గుంపు మూసి ఉన్నప్పుడు చేసే పని అన్నిటికీ వర్తించాలా, పైదానికే చాలా అన్నది సెట్టింగ్స్‌లో మనమే చెప్పవచ్చు. తీసివేసే ముందు అది ఒకసారి చూసుకోండి.

ఆఫీసులో గుమాస్తాగిరీ చేసిన వాళ్లం గనక ఇప్పుడు ఫైలింగు పద్ధతే పెట్టుకున్నాం:

1. కార్డులో ఉన్నదంతా ముందు ఒకే ఫోల్డరులోకి దించాలి. కెమెరా రా ఒక కార్డులో, జేపెగ్ ఇంకో కార్డులో రాస్తుంటే రెండూ అక్కడికే చేరాలి.

2. పేరు మార్చడం, జరపడం సాఫ్ట్‌వేరు లోపలే చేయాలి. బయట విండోస్‌లో చేస్తే జంట తప్పడమే కాదు, దిద్దుబాట్లు దాచిన ఎక్స్‌ఎంపీ ఫైలు కూడా వెనకబడిపోతుంది.

3. ఇంకో హార్డ్ డిస్కులో నకలు చేరి, తెరిచి చూసుకున్న తరువాతే కార్డు ఖాళీ చేయాలి.

4. చోటు చాలకపోతే జేపెగ్ తీసేయండి. రా నుంచి జేపెగ్ ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు, జేపెగ్ నుంచి రా రాదు.

పెళ్లి భోజనాల ఫోటోలకు జేపెగ్ చాలు. తాతముత్తాతల కాగితాలకు మాత్రం రెండూ ఉంచండి. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే వానాకాలం రాకముందే ఒకసారి తెరవండి.