క్రొత్త పట్టికలో పాత సంవత్సరపు అంకెలు

ఏప్రిల్ 1వ తేదీతో పంచాయతీలకు క్రొత్త ఆర్థిక సంవత్సరము ఆరంభమగును. ఇంటిపన్ను డిమాండు, వసూలు, బకాయి పట్టికలు మరల తయారుచేయవలసి వచ్చును. ఎక్సెల్ వలన కూడికల శ్రమ తగ్గినది గాని, దానితోపాటు ఒక క్రొత్త పొరపాటును బయలుదేరినది. గ్రామసభలో అంకెలకు జవాబు చెప్పవలసిన సభ్యులు దీని నెరిగియుండుట మంచిదని మేము తలంచుచున్నాము.

రెడ్డిరాజుల రాజధానిగా ప్రసిద్ధికెక్కిన పల్నాడు జిల్లాలోని కొండవీడునే ఉదాహరణముగా తీసికొందము. అచ్చటి 2024-25 ఫైలులో ఇంటింటి బాకీకి 'బకాయి' అను షీటు, వార్డువారీ మొత్తములకు 'సారాంశము' అను షీటు ఉన్నవనుకొనుడు. సారాంశములోని ఫార్ములాలు బకాయి షీటునుండి అంకెలు తెచ్చుకొనును. కార్యదర్శి ఆ ఫార్ములాలను కాపీచేసి 2025-26 ఫైలులో పేస్టు చేసెననుకొనుడు. అందును బకాయి షీటు ఉన్నది గనుక దానినే కూడునని ఆయన నమ్మకము. కాని ఎక్సెల్ పాత ఫైలు పేరును చతురస్ర బ్రాకెట్లలో ఫార్ములాకు తగిలించి, అక్కడి అంకెలనే తెచ్చును. పన్ను పూర్తిగా చెల్లించిన వార్డునకు నిరుటి బాకీ అంటగట్టబడును. ఆ వార్డువారు ఊరకుందురా? ఒకే షీటులోని గడులను చెప్పు మామూలు ఫార్ములాలకు ఈ బాధ లేదు.

పాత ఫైలును 'సేవ్ యాజ్' ద్వారా క్రొత్త పేరుతో భద్రపరచి, ఫార్ములాల జోలికి పోక, చేతితో వేసిన అంకెలను మాత్రము మార్చుకొనుట అన్నిటికన్న సులభము. షీట్లనే వేరు ఫైలునకు తీసికొనిపోవలసినచో, ఒకదానిపై నొకటి ఆధారపడిన షీట్లన్నిటిని కలిపి ఎంచుకొని, 'మూవ్ ఆర్ కాపీ'తో ఒక్కసారిగా తరలింపవలెను.

క్రొత్త షీట్లు ముందే సిద్ధమైయున్నచో వేరొక ఉపాయము కలదు. పాత ఫైలులో ఫార్ములాలున్న గడులను ఎంచుకొని, 'రీప్లేస్' ద్వారా సమాన చిహ్నమునకు బదులు పట్టికలో మరెక్కడను లేని గుర్తు, # వంటిది, ఉంచవలెను. అప్పుడవి వట్టి అక్షరములగును. వానిని క్రొత్త ఫైలులో అదే స్థానమున పేస్టు చేసి, # స్థానే మరల సమాన చిహ్నము నుంచవలెను. పాత ఫైలును సేవ్ చేయకుండ మూసివేయవలెను.

ఇదివరకే లింకులు పడియున్నచో, 'డేటా' మెనూలోని 'ఎడిట్ లింక్స్'లో 'చేంజ్ సోర్స్' నొక్కి, క్రొత్త ఫైలునే చూపవలెను. క్రొత్త కూర్పులలో దీని పేరు 'వర్క్‌బుక్ లింక్స్'. 'బ్రేక్ లింక్స్' మాత్రము నొక్కరాదు. ఫార్ములా పోయి, నిరుటి అంకె అక్కడనే స్థిరపడును. ఫైలు తెరచినప్పుడు లింకులను అప్‌డేట్ చేయవలెనా అని ఎక్సెల్ అడిగినచో, చదువక 'సరే' అనుట చాలమందికి అలవాటు. ఆ ప్రశ్న వచ్చిననాడే ఫార్ములాలలో చతురస్ర బ్రాకెట్టును వెదకించి చూడుడు.