ఈ చివర రోగి, ఆ చివర మిషను

భీమిలి తీరంలో తెల్లారగట్ల వల సర్దుతున్న మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయిందనుకోండి. అది పక్షవాతమని స్థానిక డాక్టరు చూడగానే చెప్పగలరు. మెదడులో రక్తం గడ్డకట్టిందా, నరం చిట్లిందా అన్నది మాత్రం సీటీ స్కాను తీస్తేగానీ తేలదు. గడ్డయితే కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడాలి. నరం చిట్లినవాడికి అదే మందు ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. అందుకే పెద్ద జబ్బు అనగానే ఇక్కడ తరతరాలుగా వినిపించే మాట ఒకటే: "కేజీహెచ్‌కి తీసుకుపోండి."

కేజీహెచ్, అంటే విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1923 నాటిది. భీమిలి మున్సిపాలిటీ అంతకన్నా పాతది, 1861లోనే ఏర్పడింది. ఇప్పుడది మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగమైనా పెద్దాసుపత్రి దగ్గరకు రాలేదు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి, అక్కడ ఓపీ చీటీకి లైను, స్కాను దగ్గర మరో లైను. వైద్యం ఉచితమే కావచ్చు, తోడు వెళ్లినవాళ్లకు ఆ రోజు వేట పోతుంది, చేపల బుట్ట దిగదు. ఆ నష్టం ఏ ఆరోగ్య కార్డు మీదా రాదు.

ఇదే నగరానికి ఇంకో చివర, ఉక్కు కర్మాగారం వైపు, వైద్య పరికరాలు తయారుచేసే ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది. సుమారు 270 ఎకరాల్లో పెట్టిన ఈ జోన్ 2018 డిసెంబరులో ప్రారంభమైంది. వైద్య పరికరాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగో అంతర్జాతీయ సదస్సు కూడా ఆ నెలలోనే విశాఖలో జరిగింది. పరికరం పుట్టేదీ, పరికరం అందనిదీ ఒకే కార్పొరేషన్‌లో!

ఈ ఎడం తగ్గాలంటే రాబోయే వైద్యాన్ని ముందే పసిగట్టి ప్రణాళిక వేయాలి. ఆ ఆలోచన కొత్తదేం కాదు. భీమిలిలో సమాధులు వదిలి వెళ్లిన డచ్చివారి దేశమే 1985లో ఆ పని తలపెట్టింది. వైద్య సాంకేతికతల మదింపులో పేరున్న డేవిడ్ బాంటా నాయకత్వంలో నిపుణులు జన్యుపరీక్షలు, కొత్త టీకాలు, గుండెజబ్బులకు లేజర్లు, కంప్యూటర్ స్కానింగుల వంటివి పరిశీలించారు. ఇంటి దగ్గరే చేసే వైద్యం కూడా ఆ జాబితాలో ఉంది. ఏ మిషను వస్తుందన్నదాంతో ఆగకుండా, వస్తే ఎవరి పని మారుతుంది, ఎవరికి అందుతుంది, ఖర్చెంత అని కూడా అడిగారు.

మన దేశంలో కొత్త పరికరాల, చికిత్సల ఖర్చునూ ఫలితాన్నీ తూచే వ్యవస్థ 2017లో మొదలైంది. అంతకుముందే కేంద్రం రాష్ట్రాలవారీగా ప్రభుత్వాసుపత్రుల పరికరాలు లెక్కపెట్టించింది. రాష్ట్రాన్నిబట్టి 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదని తేలింది. ఆ తర్వాత వచ్చిన నిర్వహణ పథకం జిల్లా ఆసుపత్రుల్లో 95 శాతం, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో 90, ప్రాథమిక కేంద్రాల్లో 80 శాతం సమయం పరికరాలు నడుస్తుండాలని లక్ష్యం పెట్టింది. చిన్న ఆసుపత్రికి చిన్న లక్ష్యమన్నమాట. ఊరివాడు మొదట తొక్కే గడప మాత్రం అదే.

ఇప్పుడు రాబోతున్నవి భీమిలి లాంటి ఊళ్లకు కలిసొచ్చేవే. చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే మిషన్లు క్షయ పరీక్షలకు పల్లెల్లోకి వెళ్తున్నాయి. అస్సాంలో భారత వైద్య పరిశోధన మండలి సీటీ స్కానరున్న వాహనాన్నే పక్షవాత రోగి దగ్గరకు పంపించి చూసింది. 2005లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు చాలా రాష్ట్రాలకు పాకింది. అలాంటి బండికి స్కానరు తోడైతే ఆ నాలుగున్నర గంటలు దారిలో కరిగిపోవు.

అయితే బండి కొన్నంత మాత్రాన సరిపోదు. రాత్రి రెండింటికి స్కాను తీసే టెక్నీషియన్ ఎవరు? ఆ బొమ్మ చూసి మందు వేయమనే డాక్టరు ఫోనులో దొరుకుతారా? చెడితే బాగుచేసేదెవరు, ఎన్ని రోజుల్లో? కొనే ముందే ఈ జవాబులు కాగితం మీదకు రావాలి, ఆ మనుషులకు జీతాల పద్దూ ఉండాలి. అవి లేకుండా ఎంత కొత్త మిషను తెచ్చినా రిబ్బను కత్తిరించిన మర్నాటి నుంచే మూలపడుతుంది, భీమిలి రోగి మళ్లీ కేజీహెచ్ దారే పడతాడు.