విద్యుత్ సానయంత్రం: ఏ కత్తికి, ఎంతవరకు?

కత్తి మొద్దుబారిన కొద్దీ చేతికి ప్రమాదం పెరుగుతుంది. పదునైన కత్తి తన బరువుతోనే కాయలోకి దిగుతుంది. మొద్దుకత్తిని మాత్రం బలంకొద్దీ అదమవలసి వస్తుంది. ఆ ఊపులో టమాటా తొక్కమీదనో, గుమ్మడికాయ పెచ్చుమీదనో అంచు జారిందంటే తెగేది కాయను పట్టుకున్న చేతి వేలే. వీధిలోకి సైకిలుమీద సానచక్రం తెచ్చే మనిషి కోసం ఎదురుచూసే ఇళ్లలోకి ఇప్పుడు చిన్నపాటి విద్యుత్ సానయంత్రాలు ప్రవేశిస్తున్నాయి. వాటివల్ల మేలు ఎంత ఉన్నదో, వాడకం తెలియకపోతే నష్టమూ అంతే ఉన్నది.

మొదట గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ యంత్రం ఉక్కును అరగదీసి పదును పుట్టిస్తుంది. అరిగిన ఉక్కు తిరిగి రాదు. కాబట్టి యంత్రాన్ని తాకేముందు కత్తి నిజంగా అరిగిందా, లేక అంచు పక్కకు వంగిందా అన్నది చూసుకోవాలి. కడప బండమీదనో, స్టీలు పళ్లెంలోనో కూరలు తరిగే ఇళ్లలో సన్నని అంచు త్వరలోనే ఒకపక్కకు మడత పడుతుంది. దానిని సరిచేయడానికి ఊరగాయ జాడీ చాలు. జాడీని బోర్లించి, అడుగున మెరుగు లేని గరుకు వలయంమీద కత్తిని కాస్త వాలుగా ఉంచి, ఇటు నాలుగుసార్లు, అటు నాలుగుసార్లు తేలికగా లాగితే అంచు మళ్లీ నిలబడుతుంది. (ఖాళీ జాడీయే సుమా!) అప్పటికీ టమాటా తొక్క తెగకపోతేనే యంత్రం అవసరం.

యంత్రంలో ఒక మోటారు, దానికి అమర్చిన రాపిడి చక్రాలు ఉంటాయి. పైన కనిపించే సందులు కత్తిని నిర్ణీతమైన వాలులో, సాధారణంగా ఒక్కొక్క పక్క 15 నుంచి 20 డిగ్రీలలో, పట్టి ఉంచుతాయి. సానరాయిమీద ఈ వాలును చేతితో నిలపడానికి ఏళ్ల అలవాటు కావాలి. యంత్రం తప్పించే కష్టం ముఖ్యంగా అదే. ముతక సందు కొత్త అంచును తీస్తుంది, సన్న సందు దానిని నునుపు చేస్తుంది. 15 డిగ్రీల అంచు చురుకైనదే గాని పలుచన. గట్టి కాయలు తరచుగా కోసే ఇళ్లకు 20 డిగ్రీలే నయం.

యంత్రాన్ని కదలని బల్లమీద, పిల్లలకు అందని చోట ఉంచాలి. కత్తిని కడిగి పూర్తిగా తుడవాలి. మోటారు వేగం అందుకున్న తరువాతనే కత్తిని పిడి దగ్గరి భాగం నుంచి సందులోకి దించి, మొన వరకు ఒకే వేగంతో తనవైపు లాగాలి. 8 అంగుళాల కత్తికి ఒక లాగుకు 4, 5 సెకండ్లు పడుతుంది. మధ్యలో ఆగితే అక్కడ అంచు గుంట పడుతుంది, చివర జాగు చేస్తే మొన గుండ్రబడుతుంది. ఎడమ సందులో ఎన్నిసార్లు లాగితే కుడి సందులోనూ అన్నిసార్లే లాగాలి. కొన్ని లాగుల తరువాత యంత్రాన్ని ఆపి, వీపు నుంచి అంచు వైపుగా వేలిని మెల్లగా జారవిడిస్తే చివర సన్నని గరుకు తగులుతుంది. కొత్త అంచు ఏర్పడిందనడానికి అదే గుర్తు. ఆపైన కూడా ముతక సందులోనే లాగడం ఉక్కును వృథా చేయడమే. సన్న సందులో రెండు మూడు లాగులతో ఆ గరుకు పోతుంది. మామూలు ఇంటి కత్తికి ముతక సందు ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి అవసరపడదు.

కత్తిని ఎట్టి పరిస్థితిలోనూ అదమరాదు. రాపిడి వేడికి అంచు రంగు మారిందంటే, తయారీలో ఉక్కును కాల్చి ముంచినప్పుడు వచ్చిన గట్టిదనం అక్కడ దిగిపోయినట్లే. తరువాత సాన పట్టినా ఆ చోట పదును నిలవదు.

ఇక మన ఇళ్లలోని అసలు పనిముట్టు కత్తిపీట. కన్నడంలో ఈళిగె మణె, తమిళంలో అరివాళ్‌మణై, ఒడియాలో పనికి, మరాఠీలో విళీ అన్నా, దాని వంపు అలుగు ఈ సందుల్లో ఇమడదు. అలుగును ఊడదీసి దూర్చే ప్రయత్నం అసలే కూడదు. దానికి సానరాయి, ఆకురాయి, మరీ పాడైతే కమ్మరి కొలిమే దిక్కు. పండ్లున్న కొడవలిని, కత్తెరను, ఒకపక్క మాత్రమే వాలున్న కత్తిని కూడా మామూలు సందుల్లో పెట్టరాదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యంత్రమైతే అడుగున అతికించిన చీటీ చదవాలి. అక్కడి ఇళ్లలో విద్యుత్తు 120 వోల్టులు, మన దేశంలో 230. చీటీమీద 120 మాత్రమే ఉంటే తిన్నగా మన ప్లగ్గులో పెట్టరాదు. మోటారు కాలిపోతుంది. పిన్నుల ఆకారం మార్చే చిన్న అడాప్టరు వోల్టేజీని తగ్గించదు, అందుకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. మన ఊళ్లలో మరొక చిక్కు కరెంటు కోత. సాన పడుతుండగా కరెంటు పోతే ముందు కత్తిని బయటికి తీసి, స్విచ్చి ఆపాలి. సందులోనే వదిలేస్తే కరెంటు వచ్చిన క్షణాన చక్రం కత్తిని విసిరివేయవచ్చు. వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతున్నప్పుడు కూడా పని ఆపడమే మంచిది.

పని ముగిశాక ప్లగ్గు తీసి, లోపలి ఉక్కు రజనును పొడి బ్రష్షుతో దులపాలి. యంత్రంపై నీళ్లు పోయరాదు. ఆ రజను ఆహారంలో కలియకుండా కత్తిని కడిగి, వీపు నుంచి అంచు వైపుగా తుడిచిన తరువాతనే కూరలకు వాడాలి. పాకే పిల్లలున్న ఇళ్లలో బల్ల చుట్టూ నేలను కూడా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వేరుగా ఉతకాలి.